కనకవల్లికి మందు పెట్టిందెవరు

ఛాంపియన్ రీఫ్,
6-1-1975

అత్తకు తాయమ్మ నమస్కారాలు.

నాన్న దగ్గు మామూలే. బంగారు గనిలోంచి రిటైరయి మూడేళ్ళయినా ఆ దుమ్ము ఆయన్ని వదలదు. రామచంద్ర అన్నకి ఈ వారం పగటి షిఫ్టు. క్రిస్మస్‌కి పక్క లైను ఇళ్ళలోని మార్తమ్మగారు పంపిన గులాబీ పువ్వుల పలహారం ఇంకా డబ్బాలో ఉంది. అన్న తినడు, నాన్నకి పళ్ళు లేవు, నేనే తింటున్నాను.

ఆవులప్ప మామ వంకాయలు దించి ఖాళీ గంపతో బూదికోటకి తిరిగి వస్తున్నాడు కదా, ఆ గంపలో నీకొక నవల పంపుతున్నాను. రాబర్ట్‌సన్‌పేట అద్దె పుస్తకాల అంగడిది. అట్ట చిరిగితే అంగడాయన ముతక అట్ట వేసి కుట్టేశాడు. పుస్తకం పేరూ, రాసినాయన పేరూ ఆ పాత అట్టతోనే పోయాయి. కథ మాత్రం అంతా ఉంది. కనకవల్లి అని ఒక మోతుబరి కూతురు, విరూపాక్షుడని ఒక గారడీవాడు. ఊళ్ళో గారడీ ఆడటానికి వచ్చినవాడి వెంట ఆమె వెళ్ళిపోతుంది. మంత్రం వేశాడని ఊరంటుంది, ప్రేమ అని ఆమె అంటుంది. నువ్వేమంటావో నాకు కావాలి.

ఒక్క మాట. జవాబు ఆవులప్ప మామ చేతికే ఇవ్వు. పోస్టులో వేస్తే నాన్న ఎప్పటిలాగే అన్న చేత బిగ్గరగా చదివిస్తాడు. అమ్మ పోయినప్పటి నుంచి ఈ ఇంట్లో నీ ఉత్తరం అంటే కోర్టు తీర్పు. నవల సంగతులు వాళ్ళకెందుకు?

నీ
తాయి


బూదికోట,
15-1-1975

తాయీ,

నీ నవల వల్ల నిన్న సంగటి మాడింది, కోడి పక్కింటి దొడ్లో గుడ్డు పెట్టి వచ్చింది. చదివాను. చివరిదాకా చదివాను. ఆ రాసినవాడు నాకు దొరికితే చీపురు తిరగేస్తాను.

ప్రేమా? తిరునాళ్ళలో ఆ విరూపాక్షుడు కనకవల్లికి తమలపాకు మడిచి ఇచ్చాడే, ఆ పేజీ మళ్ళీ చదువు. ఆ ఆకు నమిలిన మర్నాడు నుంచే కదా ఆమెకి అన్నం సహించనిది, తండ్రి మాట చేదు అయ్యింది? ఆకులో మందు పెట్టాడు. రాసినవాడికి ఆ సంగతి తెలియక ప్రేమ అని రాసుకున్నాడు. మన వైపు పుట్టి ఉంటే తెలిసేది.

నువ్వు పట్నం పిల్లవి, నీకేం తెలుసు. ఇక్కడ దొడ్డమునియప్ప కొడుక్కి ఎవతో కాఫీలో పెట్టింది. వాడు ఎండి చీపురుపుల్ల అయ్యి, పెళ్ళాన్ని వదిలి ఆమె ఇంటి చుట్టూ తిరిగాడు. టేకల్ దగ్గర చిక్కమ్మ ఆకు పసరు తాగించి కక్కించింది. చింతగింజంత నల్లటి గడ్డ పడింది. నేను కళ్ళారా చూశాను. నెలలో వాడు పెళ్ళాం కొంగు పట్టుకుని తిరిగాడు.

కనకవల్లి తండ్రికి ఈపాటి బుద్ధి లేక గుమ్మం దగ్గర కూర్చుని ఏడ్చాడు. మగాడా వాడు? అంత కోపం వచ్చినా పుస్తకం మాత్రం రెండోసారి మొదలుపెట్టాను. ఇంకో వారం ఉంచుకుంటానని అంగడివాడికి చెప్పు.

మీ నాన్నకి వేడినీళ్ళే ఇవ్వు.

అత్త గురువమ్మ


ఛాంపియన్ రీఫ్,
24-1-1975

అత్తా,

నీ ఉత్తరం చదివి నవ్వాను. తరవాత నవ్వు రాలేదు.

విరూపాక్షుణ్ణి కనకవల్లే అడుగుతుంది కదా, నామీద ఏమైనా ప్రయోగించావా అని. చెవిలోంచి రూపాయి తీయడం వచ్చుగానీ మనసులో ప్రేమ పెట్టడం తనకి రాదంటాడు వాడు. ఆ పేజీ నేను మూడుసార్లు చదివాను. నువ్వు ఆ పేజీ ఎలా దాటిపోయావు అత్తా? మందు పెట్టినవాడు అలా మాట్లాడతాడా?

ఈ పుస్తకం కోసం అంగడిలో నాతోపాటు ఇంకొకరు కూడా చెయ్యి చాపారు. ముందు నువ్వు చదువు అని నాకే వదిలేశారు. తరవాత ఎప్పుడు కనిపించినా కథ ఎంతదాకా వచ్చిందని అడిగేవారు. చివర చెప్పొద్దని బతిమాలేవారు. ఎవరో నీకు తరవాత చెబుతాను. ముందు నువ్వు కనకవల్లి వైపు కూర్చుని ఒక్కసారి ఆలోచించు. అన్నం సహించకపోవడానికి ఆకే నమలాలా? తండ్రిని ప్రేమించే పిల్లకి ఇంకొకరి మీద ప్రేమ కలిగితే ఆ భయానికి సహించదు కదా.

సరే, నిన్ను సూటిగా అడుగుతాను. కనకవల్లి నీ ఇంటి పిల్లే అయితే నువ్వేం చేస్తావు? బాగా ఆలోచించి రాయి. నీ మాట మీదే నాకు చాలా ఆధారపడి ఉంది.

తాయి


బూదికోట,
5-2-1975

తాయీ,

ఆవులప్ప ఎద్దు కాలికి దెబ్బ తగిలి బండి కదలడం లేదు. అందుకని పోస్టులో వేస్తున్నాను. నవల గురించే కదా, ఎవరు చదివితే ఏం.

నా ఇంటి పిల్లే అయితే ఏం చేస్తానని అడిగావు. విను. గుమ్మంలో కూర్చుని ఏడవను. జుట్టు పట్టుకుని టేకల్ బస్సు ఎక్కిస్తాను. చిక్కమ్మ ముందు కూలేస్తాను. నోరు తెరవకపోతే ముక్కు మూసి పోయిస్తాను. పసరు ఒంటికి పడక కాళ్ళు కొట్టుకున్నా వదలను, గడ్డ పడేదాకా కక్కిస్తాను. పిల్ల తిడుతుంది, శాపాలు పెడుతుంది. అదంతా మందు మాట్లాడటమే, పిల్ల కాదు. ఇంక వాడి సంగతి. ఏ చేత్తో ఆకు ఇచ్చాడో ఆ చెయ్యి మళ్ళీ ఆకు మడవకుండా చేయిస్తాను. తమ్ముడు శీనప్ప, మీ అన్న రామచంద్ర నాకెందుకున్నారు?

కనకవల్లి మీద నాకు కోపం లేదు. రెండోసారి చదివినప్పుడు జాలి కూడా వేసింది. జాలిపడి వదిలేస్తే పిల్ల దక్కదు, అంతే.

ఆ పుస్తకం వదిలిపెట్టిన పుణ్యాత్మురాలు ఎవరు? కుట్టు క్లాసులో స్నేహితురాలా? ఆమెకి కూడా ఈ మాట చెప్పు. ఇద్దరూ నవలలు తగ్గించి గుండీలు కుట్టడం నేర్చుకోండి.

అత్త


ఆస్పత్రి, ఆడవాళ్ళ వార్డు,
26-2-1975

బూదికోట గురువమ్మగారికి,

మీ తీర్పు అమలయింది. తెలుసుకుని సంతోషించండి.

మీ ఉత్తరం వచ్చేటప్పటికి నేను కుట్టు క్లాసులో ఉన్నాను. అంతకు రెండు రోజుల ముందే అన్న నన్ను అద్దె పుస్తకాల అంగడి దగ్గర అమృతరాజుతో చూశాడు. ఆ పుస్తకం నాకు వదిలింది అమృతరాజే. మార్తమ్మగారి కొడుకు, అన్న దిగే షాఫ్టులోనే డ్రిల్లరు. అన్న ఇంట్లో చెయ్యి చేసుకున్నాడు. నాన్న మాత్రం ఆపాడు. "అక్కను అడగకుండా ఏమీ చేసేది లేదు" అన్నాడు. అడిగేలోపే మీ ఉత్తరం దానంతటదే వచ్చింది.

అన్న దాన్ని నాన్నకి చదివి వినిపించాడు. నేను గుమ్మంలో అడుగు పెట్టేసరికి రెండోసారి చదువుతున్నాడు. "అత్త తెలివైంది నాయనా, పోస్టులో పిల్ల పేరు రాయగూడదని కనకవల్లి అని రాసింది. ఆమెకు ఎట్లో తెలిసిపోయుండాది" అన్నాడు. అది నవల అని అరిచాను. పుస్తకం యాడ అన్నాడు. పుస్తకం మీ దగ్గరుంది. ఇంత స్పష్టంగా నాన్న పేరూ అన్న పేరూ రాసి, చెయ్యి విరగ్గొట్టమని కూడా రాశాక, మీకు తెలియదని నేనైనా ఎలా అనుకోను? నేను అడిగినప్పుడే మీరు కనిపెట్టేశారు.

టేకల్ బస్సు ఎక్కించారు. జుట్టు పట్టుకునే. మీరు రాసినట్టే ముక్కు మూసి పోశారు. ఇద్దరాడవాళ్ళు నా భుజాల మీద కూర్చున్నారు. పసరు నిప్పులాగా గొంతు కాల్చింది. పడిందల్లా పైత్యం, తరవాత నెత్తురు. చిక్కమ్మ చెప్పుతో వీపు మీద కొట్టి ఇంకా ఉంది ఇంకా ఉంది అంది. వద్దు నాన్నా అన్నాను. అది మందు మాట్లాడటం అని అన్న చెప్పాడు, మీ మాటే. నాన్న ముఖం తిప్పుకున్నాడు. చివరికి ఆ నెత్తుట్లో నల్లటి గడ్డ ఒకటి పడింది. అన్న దాన్ని పుల్లతో ఎత్తి నా కళ్ళ ముందు పెట్టాడు. మార్తమ్మ పలహారంలో పెట్టిందని తేల్చారు.

సాయంత్రం అన్న, వాడి స్నేహితులు ఇద్దరు షాఫ్టు గేటు బయట కాచుకున్నారు. అమృతరాజు కుడిచెయ్యి రాయి మీద పెట్టించి డ్రిల్లు కడ్డీతో కొట్టారు. ఆస్పత్రిలో రెండు వేళ్ళు తీసేశారు, మిగతావి కదలవు. పోలీసులు అడిగితే తన చేతి మీద లారీ తలుపు పడిందని చెప్పాడట. మగవాళ్ళ వార్డు ఈ గోడకి అవతలే.

మీరు రావద్దు. వస్తే గోడ వైపు తిరిగి పడుకుంటాను.

తాయమ్మ


బూదికోట,
1-3-1975

తాయీ,

ఇది ఆవులప్ప బండి లేక బస్సెక్కి తెచ్చి నీ చేతికిస్తాడు. పూర్తిగా చదివి ఆ తరవాత చింపెయ్యి.

నాకు తెలియదు. నీ తల్లి మీద ఒట్టు, నాకు తెలియదు. నేను కాగితం పిల్లని కొట్టాను. అది ఏడవదు, నెత్తురు కక్కదు అని నోటికొచ్చినట్టు కొట్టాను. కనకవల్లి వెనక నువ్వు నిలబడి ఉన్నావని చూడలేకపోయాను. నా మాట మీదే నీకు చాలా ఆధారపడి ఉందని రాశావే, అక్కడైనా నాకు బుర్ర వెలగాలి. వెలగలేదు. నవల మీద కోపంలో ఉన్నాను.

నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి నా చెయ్యి నాకే రోతగా ఉంది. అమృతరాజు చెయ్యి విరగ్గొట్టింది రామచంద్ర కాదు, ఇదే. శీనప్పని మా అమ్మ పోయాక చంకలో వేసుకుని పెంచాను. నేను చెబితే బావిలో దూకే మనిషి, కూతుర్ని కూడా తోశాడు.

నువ్వు వద్దంటే రాను. ఆవులప్పతో ఒక్క మాట చెప్పి పంపు, అవునో కాదో.

గురువమ్మ


ఆస్పత్రి,
3-3-1975

అత్తా,

రా.

నీకు తెలియదని నమ్ముతున్నాను. తెలిసి ఉంటే నువ్వు ఉత్తరం రాసి ఊరుకోవు, నువ్వే వచ్చి కొట్టేదానివి.

కానీ నాన్నతో, అన్నతో వాదించడానికైతే రావద్దు. వాళ్ళు వినరు. గడ్డ చూశారు. నేనూ చూశాను. అదే నన్ను పీక్కుతింటోంది. అది నా కడుపులోంచే వచ్చింది కదా. రోజూ గోడ అవతల అతను దగ్గితే నా ప్రాణం అటు పోతుంది, వెంటనే ఆ గడ్డ కళ్ళ ముందుకు వస్తుంది. ఇంకా లోపల కొంచెం మిగిలి ఉండి దగ్గుకి బదులు పలుకుతోందా? నేను అతన్ని ప్రేమించానా, నాచేత ప్రేమింపజేశారా? కొట్టినదాని కంటే ఇది ఎక్కువ నొప్పిగా ఉంది. ఇది తేలకుండా నేను అతని ముఖం చూడలేను.

తాయి


ఛాంపియన్ రీఫ్, మీ ఇల్లు,
23-3-1975

తాయీ,

బూదికోటలో నా ఇంట్లో నువ్వు, ఇక్కడ మీ ఇంట్లో నేను. కోడిని పక్కింటి దొడ్లోకి పోనివ్వకు. గంజి మానకు. నిన్ను అక్కడ దించి వెనక్కి ఎందుకు వస్తున్నానో ఆ రోజు చెప్పలేదు. చెబితే నువ్వు రానివ్వవు.

వచ్చిన రోజే రామచంద్రని చీపురుతో కొట్టాను. చీపురు విరిగింది, వాడు కదల్లేదు. "గడ్డ పడలేదా అత్తా? నువ్వు చెప్పినట్టే చేసినాం కదా" అన్నాడు. శీనప్ప కూడా అదే. నువ్వు రాసింది నిజం, మాటలతో అయ్యే పని కాదు. అందుకని వంటింట్లోకి పోయాను.

అప్పటి నుంచి ఈ ఇంట్లో ఒకటే కుండ. నేను వండాను, శీనప్పా రామచంద్రా నేనూ అదే తిన్నాం. ఎవరి ఇంట్లోనూ మంచినీళ్ళు కూడా ముట్టలేదు. మార్తమ్మ గుమ్మం వైపు కూడా పోలేదు. మిట్టమధ్యాహ్నం వీధి కుళాయి దగ్గర ఆమె ఎదురైతే తల వంచుకుని వచ్చేశాను. ఆమె నన్ను చూసి బిందె కింద పెట్టి ఏడ్చింది. నేనూ లోపలికొచ్చి ఏడ్చాను.

మొన్న శీనప్పతో చెప్పాను. నాకేదో అయ్యింది తమ్ముడూ, అన్నం సహించడం లేదు, ఆ అమృతరాజు మీద కోపం రావడం లేదు, వాడికి మన పిల్లనిచ్చి చెయ్యాలనిపిస్తోంది, నాకెవరో మందు పెట్టారు అన్నాను. ముఖం మాడిపోయింది వాడికి. మర్నాడే నన్ను టేకల్ తీసుకుపోయారు. రామచంద్ర కూడా వచ్చాడు.

తాయీ, నిన్ను కూర్చోబెట్టిన చోటే కూర్చున్నాను. ఆ పసరు తాగాను. ఎవరూ ముక్కు మూయలేదు, నేనే చెంబు ఎత్తుకుని తాగాను. పేగులు నోట్లోకి వచ్చాయి. ఆ చిక్కమ్మ చెప్పు నా వీపు మీద కూడా పడింది. నాకు అరవై దాటాయి, నీకు ఇరవై. నువ్వెలా ఓర్చావో ఆ చెప్పు పడ్డప్పుడు తెలిసింది. చాలు అక్కా అని శీనప్ప అడ్డం వచ్చాడు. నువ్వు ఆరోజు అడ్డం రాలేదు కదా, ఈరోజూ రావద్దు అన్నాను. నెత్తురు చార పడింది.

ఆ వెంటనే గడ్డ పడింది. నల్లగా, చింతగింజంత.

చిక్కమ్మ దాన్ని పుల్లతో ఎత్తి అందరికీ చూపించింది. కొత్త మందు, ఈ వారంలోనే ఎవరో ఆడమనిషి పలహారంలో పెట్టింది అని చెప్పింది. నేను నోరు తుడుచుకుని ఆ పుల్ల లాక్కుని శీనప్ప ముఖం దగ్గర పెట్టాను.

"నీ ఇంట్లో తప్ప యాడా నేను మెతుకు ముట్టలేదు. ముగ్గురం ఒక కుండలో తిన్నాము. ఇంగ నాకు మందు పెట్టింది ఎవురప్పా? నువ్వా, నీ కొడుకా?"

అక్కడికి పిల్లల్ని తెచ్చినవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. చిక్కమ్మ గాలి అనీ దిష్టి అనీ గొణిగింది. చెప్పు ఆమె చేతిలోంచి లాక్కుని చెంప మీద ఒక్కటిచ్చి, నడుముకున్న తిత్తి తెంపాను. వెంట్రుకలూ తారూ కలిపి చుట్టిన గడ్డలు అందులో ఇంకా ఉన్నాయి. రేపు వచ్చేవాళ్ళ కోసం. గోళ్ళ సందున పెట్టుకుని, వీపు మీద కొట్టి ఒంగినప్పుడు పడేస్తుంది. దొడ్డమునియప్ప కొడుకు గడ్డని కళ్ళారా చూశానని నీకు రాశానే, ఇన్నేళ్ళూ నా కళ్ళు ఆమె చేతిని చూడలేదు, గడ్డనే చూశాయి. ఆ తిత్తి అక్కడి పొయ్యిలో వేసి వచ్చాం.

రామచంద్ర బస్సెక్కలేదు. పట్టాల వెంట నడిచి ఎటో పోయాడు, ఇంకా ఇంటికి రాలేదు. వస్తే ఏం చేయాలో నాకు తెలియదు. బస్సు బంగారుపేట దాటాక శీనప్ప "పాపను నేను చంపబోయినానక్కా" అన్నాడు. అవును అన్నాను. ఓదార్చలేదు. నేను కూడా అనుకున్నాను ఆ మాటే.

దిగి తిన్నగా మార్తమ్మ ఇంటికి పోయాం. శీనప్ప మెట్టు మీదే కూర్చుండిపోయాడు. నేను లోపలికి పోయి కాస్త గంజి పొయ్యమ్మా అని అడిగాను. కడుపు కాలిపోతోంది. ఆమె పోస్తుంటే సగం గంజి నేల మీద ఒలికింది. గిన్నెడు తాగాను. వీధిలో అందరూ చూస్తుండగా తాగాను. ఏమీ కాలేదు. ఉప్పు తక్కువయింది.

అమృతరాజు మంచం మీద కూర్చుని ఉన్నాడు. చెయ్యి చూశాను. దాని గురించి ఇక్కడ రాయలేను. మా పిల్లకి ఏం పెట్టావప్పా అని అడిగాను, నవ్వించాలని. వాడు నవ్వలేదు. "పుస్తకం ముందు ఆమెకిచ్చినాను. అంతేనండీ" అన్నాడు. కథ చివర ఏమవుతుందో ఇంకా తెలియదట. నీ దగ్గరికి వచ్చాక చదువుతానన్నాడు. గడ్డ సంగతి తనకీ ఎవరో చెప్పారట, తాయమ్మకి ఇప్పుడు నయమయ్యిందా, నన్ను మరిచిపోయిందా అని అడిగాడు. దానికి నేనేం చెప్పను, నువ్వే చెప్పుకో.

నువ్వు అడిగినదానికి మాత్రం చెబుతాను. నీ లోపల ఎవరూ ఏమీ పెట్టలేదు. పసరు పోశారు, చెప్పుతో కొట్టారు, నెత్తురు కక్కించారు. అన్నీ అయ్యాక ఆస్పత్రిలో అతను గోడ అవతల దగ్గితే నీ ప్రాణం అటు పోయింది. అంత కక్కినా పోలేదంటే అది నీది కాక ఇంకెవరిదే?

ఆదివారం పొద్దుటి బస్సుకి అతన్ని తీసుకుని వస్తున్నాను. మార్తమ్మ కూడా వస్తుంది. శీనప్ప వస్తానన్నాడు, నువ్వు పిలిస్తేనే అన్నాను. సంగటి చెయ్యి, మాడ్చకు. అతనికి ఎడమ చేత్తో తినడం ఇంకా చేతకాలేదు. ముద్ద చేసి నీ చేత్తో నువ్వే పెట్టు.

అత్త